గుండు మీద తడి తువ్వాలు

తిరుత్తణి కొండ మీద గుండు కొట్టించుకొని ఆర్.కె.పేట బస్సెక్కాను. మిట్టమధ్యాహ్నం అది పొలాల మధ్య చెడిపోయింది. మనుషులు అడవిలో పడి బతికి బయటపడే టీవీ షోలు ఒక్కటీ వదలనివాణ్ణి, ఊరుకుంటానా? సూర్యుణ్ణి బట్టి దిక్కు పట్టుకొని అడ్డదారిన ఊరు చేరతానని అందరికీ చాటి, చేలో దిగాను. నాలుగడుగులకే కళ్ళు తిరిగి గట్టు మీద కూలబడ్డాను.

వేపచెట్టు కింద కూర్చున్న ఒక ముసలామె వచ్చి, నా రెక్క పట్టుకొని నీడకు లాక్కుపోయింది.

"యాడికప్పా పోతావు? నీ గుండు మీద దోసె పోయొచ్చు."

"టీవీలో ఇట్లే పోతారు అవ్వా. ఆకలైతే పురుగులు తింటారు."

"నేనూ చూసినాలే. ఆ పురుగులు తినే ఆయప్ప తలకి గుడ్డ చుట్టుకోనుండేది నీకు కనపడలేదా?"

నిజంగానే కనపడలేదు. నేను పురుగులనే చూశాను.

ఆమె తన తువ్వాలు సీసా నీళ్ళతో తడిపి నా గుండుకు చుట్టింది. "కుచ్చో. ఇంకో బస్సు వస్తాది."

వచ్చింది.

ఆ షోలు ఇప్పటికీ చూస్తాను. తెర మీద పాము పడగెత్తినా, నా చూపు మాత్రం అందులోని మనిషి తలగుడ్డ మీదే ఉంటుంది.