మామ చేసిన లక్క ఉండ

మా మేనమామ పోయాడని అమ్మ పక్కింటివాళ్ళ చేత రాయించిన కార్డు, నేను పాఠాలు చెప్పే కాలేజీకి వచ్చింది. కృష్ణపట్నం దగ్గర ఉప్పు పండించే కొఠారులో ముప్పై ఏళ్ళు మేస్త్రీగా చేసిన మనిషి. కార్డు నా చేతికి అందేసరికి దహనం కూడా అయిపోయింది. "మూడు దినాలు జరం. ఏమీ అడగలేదు" అని ఉంది అందులో. ఆయన ఎప్పుడూ ఏమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

చదివేవారికి ముందే చెబుతున్నాను. నేనిది రాస్తున్నది ఆయన్ని పొగడటానికి మాత్రమే కాదు. పదేళ్ళ కిందట నేనాడిన అబద్ధం ఒకటి ఇంకా అలాగే ఉంది.

ఉప్పు మడిలో నీళ్ళు ఎండకు ఇగిరి, ఉప్పు అడుగుకు దిగుతుంది. పైన మిగిలిన నీటిని సమయానికి మడవ తీసి బయటికి వదిలెయ్యాలి. ఒక్క పూట ఆలస్యమైతే ఆ నీటి చేదంతా ఉప్పుకు పడుతుంది, దాన్ని గొడ్లు కూడా నాకవు. ఆ సమయం కనిపెట్టడానికి మామ ఒక ఉండ చేసుకున్నాడు. కరిగించిన లక్కలో ఇసుక కలిపి చేసింది, రేగుపండంత ఉంటుంది. మడిలో వేస్తే మునుగుతుంది. నీళ్ళు చిక్కబడి చేదెక్కే వేళకు పైకి తేలుతుంది. ఇసుక పాళ్ళు కుదరడానికే నాలుగు ఎండాకాలాలు పట్టిందట. "నీళ్ళు అబద్ధమాడవు అబ్బయా, చూడ్డం మనమే నేర్చుకోవాల" అనేవాడు. నాన్న పోయాక నన్ను పెంచింది ఆయనే. అమ్మ ఉప్పు మోసేది. నన్ను మాత్రం మామ గంప ముట్టుకోనిచ్చేవాడు కాదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల్లో నెల్లూరులో ఇంటర్మీడియట్ పాసయ్యాను. విశ్వవిద్యాలయంలో కెమిస్ట్రీ ఆనర్సుకు దరఖాస్తు పెడితే ఇంటర్వ్యూకి రమ్మన్నారు. ఉన్నవి కొద్ది సీట్లు. అది రాకపోతే నేనూ గంప ఎత్తుకోవలసిందే. బయల్దేరే పొద్దున మామ రొంటిన ముడి విప్పి ఉండను నా చేతిలో పెట్టాడు.

"నీకొద్దా మామా?"

"నేనింకోటి చేసుకుంటాలే. ఆడ పెద్దోళ్ళు ఏమడుగుతారో ఏందో. దగ్గరుంచుకో."

ప్రొఫెసర్లు నలుగురు కూర్చున్నారు. మొదటి మూడు ప్రశ్నలకూ తప్పు జవాబులే చెప్పాను. చివరికి ఒక పెద్దాయన, మాది సముద్రపు ఒడ్డు ఊరని చూసి కాబోలు, "కొలిచే సాధనం ఏదీ లేకుండా ఉప్పునీటి గాఢత ఎలా చెబుతావోయ్?" అన్నాడు. జేబులోంచి ఉండ తీసి బల్లమీద పెట్టి అంతా చెప్పాను. నలుగురూ దాన్ని చేతులు మార్చుకుంటూ చూశారు.

"ఎవరు నేర్పారు?"

"ఎవరూ లేరు సార్. నాకే తోచింది."

ఉప్పు కొఠారు మేస్త్రి తెలివి అని చెప్పడానికి సిగ్గుపడ్డాను, అంతే. సీటు వచ్చింది.

తిరిగి వచ్చిన రోజు మామ గట్టుమీద ఎదురొచ్చాడు. "ఉండ అక్కరకొచ్చినాదా?"

"లేదు మామా, దాని సంగతే రాలేదు."

"పోనీలే. నీ తెలివే చాలినాది. ఉంచుకో, ముందు ముందు పనికొస్తాది."

వద్దని వెనక్కి ఇవ్వవలసింది. ఆ ప్రొఫెసరుగారు మళ్ళీ చూపించమంటాడేమోనని ఉంచుకున్నాను. ఆయన ఎన్నడూ అడగలేదు. ఉండ నా ట్రంకు పెట్టెలో బట్టల అడుగున పడి ఉంది.

తెల్లటి ఉప్పుమీద ఎండ చూసీ చూసీ మామ కళ్ళు అప్పటికే మందగించాయి. రెండో ఉండలో ఇసుక ఎక్కువ పడింది. నీళ్ళు చేదెక్కినా అది అడుగునే ఉండిపోయింది. అన్నేళ్ళు ఉప్పు రుచి చూసిన నాలుక కూడా చేదును పోల్చుకోలేకపోయింది. ఆరు మళ్ళ ఉప్పు పాడైంది. యజమాని కూలీలందరి ముందే ఆయన్ని పొమ్మన్నాడు.

ఆనర్సు రెండో ఏడు సెలవులకు వెళితే మా ఇంటి అరుగుమీద తాడు పేనుతూ కనిపించాడు. "తేలలేదు అబ్బయా. నా చేత్తో చేసిందే నన్ను మోసం చేసినాది" అన్నాడు. అప్పుడైనా నిజం చెప్పవలసింది. చెప్పలేదు. పోయేదాకా తాడే పేనాడు. దారిన పోయేవాళ్ళను ఆపి, "మావోడు ఆనర్సు. సొంత తెలివితో సీటు తెచ్చుకున్నాడు" అని చెప్పేవాడు. నేను పక్కనే కూర్చుని వినేవాణ్ణి.

ఆ తెలివి ఆయనది. ఆ సీటు ఆయనది. ఈ మాట ఆయన బతికుండగా చెప్పలేని పిరికివాణ్ణి.

కర్మ అయ్యాక ఉండ జేబులో వేసుకుని కొఠారుకు వెళ్ళాను. ఆయన చూసిన మళ్ళు ఇప్పుడెవరూ సాగు చేయడం లేదు. చివరి మడిలో మాత్రం ఎండకు చిక్కబడ్డ నీళ్ళు జానెడు లోతున ఉన్నాయి. ఉండను అందులో వదిలాను. ఒకసారి మునిగి, మెల్లగా పైకి లేచి తేలింది. మడవ తీయవలసిన వేళ ఎప్పుడో దాటిపోయింది. గాలికి కొట్టుకుపోతూ అది మామ రోజూ నిలబడే గట్టు దాకా వెళ్ళి, అక్కడ ఆగింది.