కొండాపూర్‌లో దొరికిందన్న ఎముక

తొంభైల చివరి సంగతి. కొండాపూర్ అవతల ఏదో కంపెనీ భవనం కోసం బండలు పేలుస్తుంటే రాక్షసబల్లి ఎముక బయటపడిందని మా కాలేజీ స్టాఫ్‌రూంలో చెప్పుకున్నారు. నేను జంతుశాస్త్రం చెప్పేదాన్ని. హైదరాబాద్ గ్రానైట్‌లో ఎముకలు ఉండవు. ప్లాట్ల రేట్లు పెంచడానికి పుట్టించిన కథే అనుకున్నాను. అయినా మనసు ఊరుకోక ఆదివారం పొద్దున్నే మూసాపేటలో బస్సెక్కాను.

హఫీజ్‌పేట దాకా బస్సు, అక్కడి నుంచి ముప్పై రూపాయలకు ఆటో. ఆటో అతనికి నా మీదే అనుమానం.

"ప్లాటు చూడనీకేనా మేడం?"

"కాదండీ, ఎముక చూడ్డానికి."

అద్దంలో నన్ను ఎగాదిగా చూసి, "అందరు గిట్లనే ఏదో ఒకటి చెప్తరు. జర జల్ది చూస్కోండ్రి, పది దాటితే బండలు పేలుస్తరు, తొవ్వ బంద్ జేస్తరు" అన్నాడు.

బండలు పేల్చిన గుంత అంచున, వేపచెట్టు కింద పసుపు కుంకుమ పెట్టిన పెద్ద రాయి ఉంది. పక్కన కాళ్ళు కట్టేసిన కోడి. నేను వంగి చూడబోతే కూలీలకు వండిపెట్టే లచ్చవ్వ గరిటెతోనే అడ్డం వచ్చి నిలబడింది.

"ఎవలు పంపిండ్రు నిన్ను?"

"ఎవరూ పంపలేదమ్మా. ఇక్కడ ఎముక దొరికిందంటే వచ్చాను."

"ఈ రాయి ఈడ దొరికింది గాదు. మా చెన్నూరు దిక్కు చేన్ల దొరికింది. మా అత్త మొక్కేది, నేను ఎంట తెచ్చుకున్న. ఈ అమ్మను మొక్కంది మావోళ్ళు గుంతల దిగరు."

చెన్నూరు పేరు వినగానే నాకు ఆశ పుట్టింది. పొడుగు మెడతో ఆకులు మేసిన రాక్షసబల్లుల తొలితరం ఎముకలు ఆ గోదావరి వైపు ఎర్రమట్టిలోనే దొరుకుతాయి. పాత ఎముకకు సన్నటి రంధ్రాలుంటాయి, నాలుక ఆనిస్తే అంటుకుంటుంది. మామూలు రాయి చాలావరకు అంటుకోదు. ఆ మాటే చెప్పాను.

"అమ్మను ఎంగిలి జేస్తవా?" అంది లచ్చవ్వ, గరిటె ఇంకా చేతిలోనే ఉంది.

సిగ్గేసింది. నేను వెనక్కి జరిగాక తనే, ఆ రాయి నుంచే విరిగి, అది కదలకుండా వెనక ఆనించిన చిన్న ముక్కను చూపించింది. "దానికి పూజ లేదు. చూడు. పట్కపోతె మాత్రం ఊకోను."

తుడిచి నాలుక ఆనించాను. అంటుకుంది.

"ఎముకేనమ్మా."

"అయితే మ్యూజియమోళ్ళొచ్చి తీస్కపోతరా?" రాయి మీద చెయ్యి వేసి కూర్చుండిపోయింది. ఆ ముఖం చూశాక ఎవరికీ చెప్పనన్నాను. నమ్మినట్టు లేదు. రాయిని నిమురుతూ అడిగింది, "బతికున్నప్పుడు ఏం తింటుండె?"

"ఆకులు. మాంసం ముట్టదు."

"కోడిని ఇడిపియ్యనీకి చెప్తున్నవా?"

"కాదమ్మా, ఒట్టు."

లేచి వేపకొమ్మ విరిచి రాయి ముందు పెట్టింది. కోడిని చంకలో పెట్టుకుంది. "ఆకు అమ్మకు, కోడి మాకు. ఎట్లయిన కూర తినేది మేమే గద." కూలీలు ఒక్కొక్కరే రాయిని తాకి గుంతలోకి దిగారు.

సోమవారం స్టాఫ్‌రూంలో అందరూ చుట్టుముట్టారు. "కొండాపూర్ బండల్లో ఎముకలేమీ లేవండీ" అన్నాను. అందులో అబద్ధం లేదు. ఇప్పుడు ఆ గుంత ఏ అద్దాల మేడ కింద ఉందో నాకే తెలియదు. లచ్చవ్వ తన అమ్మను ఏ పని దగ్గరికి మోసుకెళ్ళిందో అంతకన్నా తెలియదు. తెలియకపోవడమే మంచిదనిపిస్తుంది. ఎముకలు వెతుక్కుంటూ మంచిర్యాల రైలు దిగి చెన్నూరు వైపు వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట: పసుపు రాసిన రాయి కనిపిస్తే ముందు అక్కడి మనుషుల్ని అడగండి, నాలుక తర్వాత.