పెళ్లిచూపులకు పెట్టిన స్పెషల్ లీవు

పెళ్లి కాకముందే నాకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిపోయిందని జంషెడ్‌పూర్ తెలుగువాళ్లలో సగం మంది నమ్మిన రోజు ఒకటుంది. ఆ ఘనకార్యం చేసింది డాక్టరు కాదు, నేనే. కత్తి కూడా లేకుండా, ఒట్టి బొటనవేలితో! నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

అప్పుడు నేను యూనివర్సిటీ ఆఫీసులో కొత్తగా పర్మనెంటైన గుమాస్తాని. టాటానగర్ రైల్వే క్వార్టర్స్ నుంచి ఒక సంబంధం వచ్చింది. అమ్మాయి పేరు సునీత. ఫొటో చూసిన దగ్గర్నుంచి నాకు అన్నం సయించడం లేదు. పెళ్లిచూపులు, ఆ వెంటనే శ్రీకాకుళం వెళ్లి తీర్చాల్సిన మొక్కు, అన్నీ కలిపి వారం కావాలి. క్యాజువల్ లీవులేమో క్రికెట్ మ్యాచుల కింద ఎప్పుడో కరిగిపోయాయి. జీతం లేని సెలవు పెడితే ఇంక్రిమెంటు వెనక్కి జరుగుతుంది. మా నాన్న చూస్తే, "మావోడికి జీతంలో కోతన్నదే నేదు" అని అమ్మాయి తండ్రి దగ్గర గొప్పలు పోయి వచ్చారు.

పక్క సీటు మహతో గారు దారి చూపించారు. ఆయన హిందీలో అన్నది ఇది:

"స్పెషల్ లీవు పెట్టు. జీతం కట్ కాదు, ఉన్న సెలవులు తరగవు, ఇంక్రిమెంటు కదలదు. ఫోన్లోనే పెట్టొచ్చు."

"కారణం ఏం రాయాలి?"

"రాయక్కర్లేదు. జాబితా వస్తుంది, నీకు సరిపోయేది చూసి నొక్కు."

నొక్కమన్నది వినబడింది, చూడమన్నది వినబడలేదు. జాబితాలో కారణాలన్నీ ఫోన్ అంచు దాటి ఎటో పోయాయి. ఎన్ని రోజులిస్తారో ఆ అంకెలు మాత్రం ముద్దుముద్దుగా కనిపిస్తున్నాయి. వాటిలో పెద్దదాన్ని ఎంచి నొక్కేశాను. సర్టిఫికెట్ తర్వాత ఇవ్వొచ్చట! ఇంత మంచి యూనివర్సిటీనా నేను ఇన్నాళ్లూ తిట్టుకున్నది అని బాధపడ్డాను కూడా.

మర్నాడు సెలవు మంజూరైంది. మా ఆఫీసరుగారు స్వయంగా నా టేబుల్ దగ్గరికొచ్చి భుజం తట్టారు.

"శభాష్! ఈ వయసులో ఇంత బాధ్యతా? కొన్నాళ్లు సైకిల్ మాత్రం తొక్కకు."

"సైకిలెందుకు సార్? అందరం ఆటోలోనే వెళ్తున్నాం," అన్నాను ఆనందంగా.

ఆయన ఇంకోసారి భుజం తట్టి వెళ్లిపోయారు.

పెళ్లిచూపుల్లో అమ్మాయి మేనమామ అప్పారావుగారు ఎదురొచ్చారు. ఆయన మా యూనివర్సిటీ జీతాల సెక్షన్లోనే పనిచేస్తారని నాకు ఆ గుమ్మంలోనే తెలిసింది. నన్ను ఎగాదిగా చూసి, లోపల్నుంచి ఒక దిండు తెచ్చి కుర్చీలో వేశారు.

"బాబూ, దీని మీద మెల్లగా కూకో."

"పర్లేదండీ, నాకేటీ ఇబ్బంది లేదు."

"అప్పుడే తగ్గిపోనాదా? ఆపరేసన్ ఎప్పుడయ్యింది?"

"ఏ ఆపరేషనండీ?"

"ఏటి బాబూ, మేం ఎర్రోళ్లలాగ కనిపిత్తన్నామా? నీ స్పెసల్ లీవు నా టేబులు మీదికే వచ్చింది. పిల్లలు పుట్టకండా సేయించుకునే ఆపరేసన్‌కని పెట్టినావు గదా!"

పకోడీ నా గొంతుకి అడ్డం పడింది. మా అమ్మ చేతిలో కాఫీ గ్లాసు కిందపడింది.

"ఒరే నాయనా! పెళ్లవకండా ఆపరేసనేటిరా? నాకు సెప్పకండా ఎప్పుడెల్లినావురా?"

"ఇంత మాట దాసి సంబంధానికి వత్తారా బావగారూ?" అని అమ్మాయి తండ్రి మా నాన్న మీదికి లేచారు.

"అమ్మతోడు, నన్నెవరూ ముట్టుకోలేదండీ!" అని అరిచాను. ఆ అరుపు క్వార్టర్స్ చివరిదాకా వినబడి ఉంటుంది. కిటికీల దగ్గర జనం చేరారు. నా ప్రాణం మాత్రం సునీత చేజారిపోతోందని విలవిల్లాడింది.

అప్పుడే ఆ అమ్మాయి గదిలోంచి వచ్చి నా ఫోన్ అందుకుంది. ఏం నొక్కారో చూపించమంది. చూపించాను. ఫోన్ అడ్డంగా తిప్పింది. అంచు దాటిపోయిన కారణాలన్నీ బుద్ధిగా లోపలికొచ్చాయి.

"టేఢా కర్‌కే దేఖ్‌నా థా నా! అడ్డంగా తిప్పి చూడాలి కదా!" అని, నవ్వాపుకోలేక అక్కడే కూలబడింది. కాసేపటికి కళ్లు తుడుచుకుంటూ, "మావయ్యా, ఈయన మోసగాడు కాదు. చదవకుండా నొక్కే రకం, అంతే. నాకిష్టమే," అంది. ఆ నవ్వు చూశాక పోయిన పరువు మీద నాకు బెంగ కూడా కలగలేదు.

అప్పారావుగారు ఆ సెలవు రద్దు చేయించి జీతం లేనిదిగా మార్పించారు. ఇంక్రిమెంటు వెనక్కి జరిగింది, పెళ్లి ముందుకు జరిగింది.

ఇద్దరు పిల్లలు పుట్టాక, ఇక చాలనుకుని నిజంగానే ఆపరేషన్‌కి సిద్ధపడ్డాను. కళ్లజోడు పెట్టుకుని, ఫోన్ అడ్డంగా పట్టుకుని, ప్రతి అక్షరం చదివి నొక్కాను. ఫోన్ ఒప్పుకోలేదు. అప్పారావుగారికి చేశాను.

"ఆ సెలవు సర్వీసు మొత్తానికి ఒక్కసారే అల్లుడూ. నువ్వు వాడేసినట్టు కంప్యూటర్లో ఉంది."

"అది రద్దయింది కదా మావయ్యా!"

"జీతం కోసినారు గానీ ఆపరేసన్ తుడవనేదు. రెండోసారి ఇయ్యాలంటే మొదటిది ఫెయిలయినాదని రుజువు గావాల."

సునీత ఫోన్ లాక్కుని, "రేపు పంపిస్తాను మావయ్యా. ఒకడు రెండో క్లాసు, ఇంకొకత్తి ఎల్‌కేజీ," అంది.

అందుచేత మా పిల్లలిద్దరి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకపై ఈ జన్మలో ఏ ఫోన్నీ అడ్డంగా తిప్పకుండా నొక్కను. అది తిరగనని మొండికేస్తే, నేనే అడ్డంగా పడుకుని చదువుతాను.