ముప్పై ఐదుకు కింద

హెలికాప్టర్ నన్ను దింపి, రెక్కలు ఆపకుండానే వెళ్లిపోయింది. ఉదయం ఏడూ నలభై. పద్దెనిమిది వేల అడుగుల పైన ఒక మంచు గట్టు. దాని మీద ఫైబర్ గుడిసె, రేడియో ఏరియల్. అదే మా సైనిక పోస్టు. నాతో కలిపి ఆరుగురం. ఇబ్రహీంపట్నంలో పుట్టి పెరిగినవాణ్ణి. చలి అంటే నాకు డిసెంబరు పొద్దున రగ్గు కప్పుకోవడమే.

మొదట ఎదురొచ్చింది వంట హవల్దార్. నలభై ఐదు దాటిన కొండప్రాంతం మనిషి. మందపాటి మీసాలు. చేతిలో టీ మగ్గు పెట్టి హిందీలో అన్నాడు: "గబగబా తాగు. రెండు నిమిషాలైతే షర్బత్తే."

నా డ్యూటీ రేడియో. దాంతోపాటు రోజుకు మూడుసార్లు బయటి థర్మామీటర్ చూసి కింది క్యాంపుకు చెప్పాలి. మొదటిరోజు మైనస్ ఇరవై ఆరు అన్నాను. పోస్టు కమాండర్ సుబేదార్ సాబ్ వెళ్లి చూసి వచ్చాడు. మైనస్ ముప్పై ఒకటి.

"ముఖం దగ్గర పెట్టి చూశావు. నువ్వు చెప్పింది గాలి లెక్క కాదు, నీ ఊపిరి లెక్క" అన్నాడు.

ఆ తర్వాత ఊపిరి బిగబట్టి చదవడం అలవాటు చేసుకున్నాను.

మిగతా పాఠాలు స్టవ్ దగ్గర హవల్దార్ చెప్పాడు. తాగునీళ్లంటే మంచు కరిగించుకోవడమే. ఒకసారి గిన్నెలో థర్మామీటర్ ముంచాను. కిరోసిన్ స్టవ్ హోరెత్తుతోంది. అరగంటైనా సున్నా దగ్గరే ఉంది. పాడైందేమో అన్నాను.

"అది బాగానే ఉంది. మంట ముందు మంచును నీళ్లు చేయాలి కదా. ఆఖరి గడ్డ కరిగాకే నీళ్లు వేడెక్కేది. నీకే తొందర" అన్నాడు.

ఆ ఎత్తులో నీళ్లు ఎనభై రెండు డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. కుతకుతలాడే నీళ్లలో పప్పు గంటల తరబడి పలుకుగానే ఉంటుంది. ప్రెషర్ కుక్కర్ పాడైతే మాకు తిండి లేనట్టే. దాన్ని ఆయన పసిపిల్లలా చూసుకునేవాడు.

మూడో నెలలో మంచు తుఫాను రెండు రోజులు కొట్టింది. మా నర్సింగ్ అసిస్టెంట్ మా ఊరి దగ్గరి రావిర్యాల వాడు. ఒక రోగిని దింపడానికి కింది క్యాంపుకు పోయి అక్కడే చిక్కుకున్నాడు. మూడోరోజు పదకొండింటికి గాలి కాస్త తగ్గింది. కిరోసిన్ డబ్బాలు మంచు కింద పూడిపోయాయి. తవ్వడానికి హవల్దార్ తాడు కట్టుకుని వెళ్లాడు. యాభై నిమిషాలు తవ్వాడు. చెమటతో లోపలి బట్టలు తడిసి, ఆ తడి గాలికి చల్లబడింది.

లోపలికొచ్చి వణికాడు. కాసేపటికి వణుకు ఆగింది. కోలుకున్నాడనుకున్నాం. ఇంతలో మాట ముద్దగా రావడం మొదలైంది. కోటు గుండీ వేళ్లకు అందలేదు. చంకలో జ్వరం చూసే థర్మామీటర్ పెట్టి, చూసి, రేడియో పట్టుకున్నాను. అటువైపు రావిర్యాల వాడి గొంతు.

"ముప్పై ఐదు. జ్వరం లేదు. ఓవర్."

"అన్న, గా థర్మామీటర్ల ముప్పై ఐదుకు కింద గీతలున్నయా? ఓవర్."

చూశాను. అదే మొదటి గీత. పాదరసం దాని దాకా కూడా రాలేదు. "లెవ్వు."

"మరి ముప్పై ఉంటే గది ఎట్ల చెప్తది? మనిషి వణుకుతున్నడా?"

"లేదు. నిమ్మళంగ కూసున్నడు."



"వణుకుడు బంద్ అయిందంటే పని ఖరాబ్ అయితున్నట్టు. తడి బట్టలు తియ్యి. చేతులు కాళ్లు రుద్దకు. నడిపియ్యకు. స్లీపింగ్ బ్యాగుల పండవెట్టి నువ్వు గూడ దూరు. ఛాతీకి ఛాతీ ఆనాలె."

"స్టవ్ దగ్గర కూసోవెట్టనా?"

"వద్దు, కాలిపోతడు, ఆయనకు తెల్వది గూడ. అగ్గిపుల్ల మంటల డిగ్రీలు మస్తుంటయి, దాంతోని బిందెడు నీళ్లు కాగుతయా? నీ ఒళ్లు ముప్పై ఏడే. గని అరవై కిలోల ముప్పై ఏడు. కొద్దికొద్దిగ ఆయనకు పోతది. ఫికర్ చెయ్యకు."

రేడియో సుబేదార్ సాబ్‌కు ఇచ్చి, హవల్దార్ తడి బట్టలు తీసి, ఆయనతోపాటు బ్యాగులో దూరాను. నా చేతుల కింద ఆయన వీపు చల్లటి నాపరాయిలా ఉంది. నాకు వణుకు పుట్టింది. పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాను. ఒంటిగంటా పది. రెండు. రెండూ నలభై. ఏమీ మారలేదు. చనిపోతే ఈయన భార్యకు ఉత్తరం ఎవరు రాస్తారన్న ఆలోచన వచ్చింది. అప్పుడు ఏడ్చాను.

మూడూ ఇరవైకి ఆయన దవడ కదిలింది. తర్వాత భుజాలు. పళ్లు టకటకలాడాయి. బ్యాగంతా ఊగిపోయింది. సుబేదార్ సాబ్ రేడియోలో చెప్పాడు. అటునుంచి రావిర్యాల వాడి నవ్వు: "వణుకనియ్యున్రి."

హవల్దార్ కళ్లు తెరిచి అడిగిన మొదటి మాట: "కుక్కర్ ఎవరైనా ముట్టుకున్నారా?"

మే నెలలో ఇంటికి వచ్చాను. మన్నెగూడలో బస్సెక్కి కడ్డీ పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. ఇంట్లో కూర్చున్నానో లేదో పక్కింటి యాదయ్యన్న వచ్చాడు.

"గక్కడ ఎంత చలి ఉండెనే?"

"మైనస్ ముప్పై నాలుగు చూసిన."

"అబ్బో" అని, మన్నెగూడ ప్లాట్ల సంగతి ఎత్తుకున్నాడు. తప్పు ఆయనది కాదు. నేను చెప్పింది ఒక అంకె.

మా పాప మాత్రం ఆగలేదు. "చలికి ఏడ్చినవా అబ్బాజాన్?"

"అవ్ బిడ్డా. ఒక్కసారి."

 ఇప్పటికీ కళ్లు మూస్తే ఆ బ్యాగులోని చీకటే. హవల్దార్ మీసాల్లో గడ్డకట్టిన మంచు కరుగుతోంది. నా మెడ మీద చుక్క చుక్కగా పడుతోంది.