కోచ్‌ను బయటికి పంపిన మ్యాచ్

కొన్నేళ్ల కిందట కరీంనగర్‌లో అమ్మాయిల బాస్కెట్‌బాల్ పోటీలకు నన్ను రిఫరీగా పిలిచారు. నేను మెట్‌పల్లి దగ్గర ఒక సర్కారు బడిలో వ్యాయామ టీచర్‌ని. సెలవు దొరికితే విజిల్ సంచిలో వేసుకుని బస్సెక్కడం నాకు చాలాకాలంగా అలవాటు. ఆ రోజు సెమీఫైనల్. ఒక జట్టు కరీంనగర్‌ది, రెండోది శ్రీరాంపూర్ వైపు బొగ్గు గనుల కాలనీల పిల్లలది. నాతోపాటు రెండో రిఫరీగా నాకంటే వయసులో పెద్దాయన ఒకరున్నారు.

గనుల జట్టు కోచ్ గురించి మా అందరికీ తెలుసు. ఆట బాగా నేర్పుతాడు, నోరు మాత్రం మంచిది కాదు. మ్యాచ్‌కు ముందే పెద్దాయన నా పక్కకొచ్చి, "చెల్లె, ఆయన జర లొల్లి చేస్తడు. చూసీ చూడనట్టు పోదాం. మనకెందుకు పంచాయితీ?" అన్నాడు.

మొదటి క్వార్టర్‌లోనే లొల్లి మొదలైంది. నేను విజిల్ ఊదినప్పుడల్లా కోచ్ చేతులెత్తి జనం వైపు తిరిగేవాడు. "ఆడామెను నిలవెడితే ఆట గిట్లనే ఉంటది" అన్నాడు. జనం నవ్వారు. బంతి బయటికి పోయినప్పుడు అతని దగ్గరికి నడిచాను.

"సార్, అడిగేదుంటే అడుగున్రి, చెప్త. లొల్లి చెయ్యకున్రి. మల్ల చేస్తే టెక్నికల్ ఫౌల్ ఇస్త" అని అతనికొక్కడికే వినపడేలా చెప్పాను. ఆ మాట ముందే, మెల్లగా చెప్పాలి. ఆలస్యమైతే బెదిరింపులా వినిపిస్తుంది.

రెండో క్వార్టర్‌లో అతను గీత దాటి కోర్టులోకొచ్చి నీళ్ల సీసా నేలకేసి కొట్టాడు. టెక్నికల్ ఇచ్చాను. కరీంనగర్ జట్టుకు ఒక ఫ్రీ త్రో వచ్చింది. ఇంకోటి పడితే బయటికి పోవాల్సిందేనని చెప్పాను. ఆ తర్వాత నన్నేమీ అనలేదు. కోపం తన పిల్లల మీదికి మళ్లింది. ముఖ్యంగా బంతి నడిపించే ఒక సన్నటి పిల్ల మీదికి. పదో తరగతి చదువుతుండొచ్చు. ఆమె పాస్ తప్పినప్పుడు అతనన్న మాటలు ఇక్కడ రాయలేను. ఆ పిల్ల బంతి మీద కన్నా బెంచీ మీదే ఎక్కువ చూపు పెట్టి ఆడింది.

మూడో క్వార్టర్‌లో అతను టైమౌట్ అడిగాడు. పిల్లలు చుట్టూ నిలబడ్డారు. చెంపదెబ్బ చప్పుడు కోర్టు మధ్యలో ఉన్న నాదాకా వినిపించింది. ఆ సన్నటి పిల్ల చెంప కూడా పట్టుకోలేదు. చేతులు కట్టుకుని అలాగే నిలబడింది.

విజిల్ ఊది, కోచ్‌ను బయటికి పంపుతున్నానని స్కోరర్ల టేబుల్‌కు చెప్పాను.

"నా పిల్లను నేను కొట్టుకున్న. నీకేంది?" అన్నాడు కోచ్.

"ఆట నడుస్తున్నంతసేపు అది నా పనే. బయటికి నడువున్రి."

అతను కదల్లేదు. నిర్వాహకులు పరుగెత్తుకొచ్చి, "మేడం, కోచ్ సార్ పెద్దమనిషి. ఇడిసిపెట్టున్రి" అని బతిమాలారు. రెండో రిఫరీ వంగి బూటు లేసులు కట్టుకోసాగాడు. "ఆయన పోకపోతే ఆట బంద్. గెలుపు కరీంనగర్ జట్టుకు రాస్త" అన్నాను.

అప్పుడు దెబ్బతిన్న పిల్లే నా దగ్గరికొచ్చింది. చెంప మీద వేళ్ల గుర్తులు తేలాయి.

"మేడం, సార్‌ను పంపకున్రి. మీ కాళ్లు మొక్కుత."

"నిన్నే కొట్టిండు కద బిడ్డా!"

"రేపు మీరుండరు మేడం. పొద్దుగాల గ్రౌండ్‌కు నేనే పోవాలె."

అయినా నా మాట వెనక్కి తీసుకోలేదు. తీసుకుంటే ఆ దెబ్బను నేనూ ఒప్పుకున్నట్టే అయ్యేది. కోచ్ నన్ను తిట్టుకుంటూ వెళ్లిపోయాడు. మిగతా ఆట కెప్టెనే నడిపించుకుంది. పిల్లలు ఓడిపోయారు.

జరిగింది జరిగినట్టు రిపోర్టు రాశాను. కొన్ని వారాలకు నిర్వాహకులు విచారణకు పిలిచారు. ఆ పిల్ల, వాళ్ల బాపు వచ్చారు. ఆయన గనిలో పనిచేస్తాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"కొట్టలే సార్. గట్టిగ మందలిచ్చిండు, గంతే" అన్నాడు.

రెండో రిఫరీ తానేమీ చూడలేదన్నాడు. పిల్లను ఎవరూ అడగలేదు. ఇకముందు నోరు అదుపులో పెట్టుకొమ్మని కోచ్‌కు చెప్పి పంపేశారు.

బయట వరండాలో ఆ తండ్రి నా దగ్గర ఆగాడు. "మీది తప్పంటలేను మేడం. బిడ్డకు స్పోర్ట్స్ కోటాల సీటు రావాలె. మాకు ఇంకో కోచ్ ఏడున్నడు?" అన్నాడు. పిల్ల అప్పటికే మెట్లు దిగిపోయింది.

ఆ తర్వాత ఆ పోటీలకు నన్ను పిలవలేదు. బడుల మ్యాచ్‌లకు పిలుస్తారు, వెళ్తాను. కోచ్ అరిస్తే ఏం చేయాలని కొత్త రిఫరీలు అడుగుతుంటారు. మిమ్మల్ని అంటే మొదట మెల్లగా చెప్పండి, వినకపోతే ఫౌల్ ఇవ్వండి, పిల్లల మీద చెయ్యేస్తే మాత్రం ఇక ఆలోచించొద్దు అంటాను. తర్వాత ఏమవుతుందో చెప్పను. వాళ్లూ అడగరు.

పోయినేడు ఒక బడి మ్యాచ్‌లో శ్రీరాంపూర్ పిల్ల ఒకతె కనిపించింది. ఆ సన్నటి పిల్ల ఎలా ఉందని అడిగాను.

"ఆ అక్క ఆట ఇడిసిపెట్టింది మేడం. ఏడాదంత సార్ బెంచీ మీదనే కూసోవెట్టిండు. ఒకనాడు రాలే, ఇగ మల్ల రానేలే."

"మీ సార్?"

"ఉన్నడు మేడం. మొన్న కప్పు మేమే గెల్సినం" అంది సంబరంగా.

మంచిగైంది బిడ్డా అని, ఆట మొదలుపెట్టడానికి కోర్టులోకి నడిచాను.