ఉప్పలయ్యన్న కాలిమెట్లు

మా ఉప్పలయ్యన్నకు ఒకటే జబ్బు. కాలికి ఏది తగిలినా వంగి, దాన్ని వేళ్లతో తాకి, కళ్లకద్దుకోవాలి. పుస్తకానికో మనిషికో అయితే మనమూ చేస్తాం. ఆయన చీపురుకట్టకు చేసేవాడు, ఖాళీ నీళ్ల సీసాకు చేసేవాడు. ఒకసారి సూర్యాపేట మార్కెట్ యార్డు ముందు పడుకున్న కుక్కకు చేస్తే, అది లేచి ఆయన వంక అనుమానంగా చూసి ఇంకోచోట పడుకుంది.

కోదాడ బస్సులో నిలబడి పోవాల్సి వస్తే ఆయనకు దారంతా గుంజీలే. ఎవరి కాలో, ఎవరి సంచో తగులుతూనే ఉంటుంది, ఆయన వంగుతూనే ఉంటాడు. కండక్టర్ టికెట్ ఇద్దామని చెయ్యి చాపేసరికి మనిషి కనిపించడు.

"ఓ పెద్దమనిషీ, ఏమన్న పడిపోయిందా?"

"లేదు సార్, కాలు తగిలింది."

"ఎవరికి?"

"ఉల్లిగడ్డ సంచికి."

ఆయన పాత స్కూటరుది ఇంకో కథ. కిక్కు కొట్టేవాడు, వంగి ఆ కిక్కు రాడ్డుకు మొక్కేవాడు, లేచేలోపు బండి ఆగిపోయేది. చివరికి ఆయన భార్య నాంచారమ్మ వదినే కిక్కు కొట్టి, "ఎక్కు ఇగ" అనేది.

నా పేరు నీరజ. పెళ్లిళ్లకు పేరంటాలకు వాయించే ఆర్కెస్ట్రాలో పాడతాను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఈ మూడూళ్ల ఫంక్షన్ హాళ్లే మా లోకం. నాకు నోరెక్కువ, మైకు దండగ అని ఉప్పలయ్యన్న అనేవాడు. ఆయన వాయించేది కీబోర్డు. ఆత్మకూర్ (ఎస్)లో గొర్లు కాసే ఇంట్లో పుట్టి, ఊళ్లోకి వచ్చిన భజన బృందం వెంట తిరిగి హార్మోనియం నేర్చుకున్నాడట. ఆయనకు కుడిభుజం వెంకటేశ్వర్లన్న. కోదాడ దారిలో ఉండే నడిగూడెం రైతు, మా బేస్ గిటార్. బేస్ అంటే పాట కింద నడిచే బరువైన శబ్దం. ఉన్నప్పుడు ఎవరికీ పట్టదు, లేకపోతే పాట ఉప్పు లేని కూరలా ఉంటుంది.

రెండేళ్ల కింద యాసంగి నాట్లప్పుడు వెంకటేశ్వర్లన్న పొలం దగ్గర ట్రాన్స్‌ఫార్మర్‌కు ఫీజు వేయబోయాడు. కరెంటు కొట్టింది. ప్రాణం దక్కింది గానీ రెండు చేతులూ మోచేతుల దాకా తీసేశారు. దవాఖానలో ఆయన్ను చూసి నేను గట్టిగా ఏడ్చాను. ఆయన మాత్రం గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇంటికి వచ్చాక కూడా గోడవైపే. రేడియో పెడితే తీసేయమనేవాడు, చూడబోయిన వాళ్లను వెళ్లిపోమనేవాడు. ఆయన బతికి ఉన్నా మాకు లేనట్టే అయిపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్లకే ఉప్పలయ్యన్న ఇంట్లో కొట్టుడు, కోసుడు మొదలైంది. నేను పోయి చూస్తే పట్టెమంచం విప్పి పలకలు చేశాడు. పాత చిన్న కీబోర్డు ఒకటి పొట్ట చీల్చి, దాని తీగలన్నీ బయటికి లాగాడు. పలక కింద ఆటో సీటు స్ప్రింగు, స్ప్రింగు కింద స్విచ్చు. కాలితో తొక్కితే స్విచ్చు పడుతుంది, బేస్ పలుకుతుంది. హార్మోనియం మెట్లు చేతికైతే ఇవి కాలికి అన్నమాట. కాలిమెట్లు అని ఆయనే పేరు పెట్టాడు.

"సూడు నీరజా, మీ అన్న చేసిన పని," అంది నాంచారమ్మ వదిన. "మంచం పోయింది, కింద పంటున్న. గదన్న నయ్యం. ఇంటి కాలింగ్ బెల్లు స్విచ్చు గూడ పీకిండు. సుట్టాలొస్తే తలుపు బాదుతున్నరు, బెల్లు మాత్రం ఈయన కాలి కింద ఉన్నది."

నాకు స్విచ్చు సంగతి కాదు, మనిషి సంగతి అర్థం కాలేదు. ఉల్లిగడ్డ సంచికి మొక్కే మనిషి వాయిద్యాన్ని కాళ్లతో తొక్కడమేమిటి? పొరపాటున హార్మోనియం పెట్టెకు కాలు తగిలితే చెంపలేసుకునే వాళ్లం మేము.

మొదటి ప్రోగ్రాం మిర్యాలగూడలో. నేను పల్లవి ఎత్తుకున్నాను. ఉప్పలయ్యన్న ఎడమకాలితో ఒక మెట్టు తొక్కాడు. 'దుం' అంది. వెంటనే రెండు చేతులూ కీబోర్డు వదిలేసి కిందికి వంగి మొక్కాడు. పాట ఆగింది. లేచి ఇంకో మెట్టు తొక్కాడు, మళ్లీ వంగాడు. నేను పాడేది విషాద గీతం. జనం కామెడీ ఐటమ్ అనుకుని ఈలలు వేశారు.

"అన్నా, నన్ను పాడుమంటవా, ఇంటికి పొమ్మంటవా?"

"ఏం జెయ్యాలె చెల్లె, చేతులు నా మాట ఇంటలేవు."

మర్నాటికి ఉపాయం కనిపెట్టాడు. ప్రోగ్రాం మొదలుకాక ముందే కాలిమెట్ల ముందు కూచుని, ఒక్కో మెట్టునూ తాకి కళ్లకద్దుకుంటూ వరస పూర్తి చేశాడు. అయిపోయాక మళ్లీ మొదటినుంచి.

"గిదేందన్నా, రెండోసారి ఎందుకు?"

"ఫోన్ రీచార్జి లెక్క చెల్లె. ముందుగల్లనే ఏసి పెడుతున్న. రెండోది వేరే నంబర్‌కు."

నేను నవ్వి ఊరుకున్నాను.

చేతులు దారికొచ్చాయి గానీ కాళ్లు రాలేదు. ఆయన పొట్టివాడు. స్టూలు ఎత్తు, మెట్ల మధ్య ఎడం ఎక్కువ. చివరి మెట్టు కోసం కాలు చాపి చాపి స్టూలు మీంచి జారేవాడు. ఒక మెట్టు తొక్కబోయి పక్కది తొక్కేవాడు. "నీ కొలతకు చేసుకోరాదా?" అంటే, "కాళ్లు పెరుగుతయేమో సూద్దాం," అనేవాడు, యాభై దాటిన మనిషి.

ఇక తిట్లు. ఎక్కడికి పోయినా తిట్లే. మిర్యాలగూడలో పెళ్లికొడుకు మేనమామ ఒకాయన స్టేజీ ఎక్కాడు.

"సదువుల తల్లిని కాళ్లతోని తొక్కుతవా? కండ్లు పోతయ్ నీకు."

"నిజమే బావా. ఇంకా?"

"ఇంకా ఏంది?"

"మనసుల ఇంకేమన్న ఉంటే గది గూడ అనున్రి. మిగిలించుకోకున్రి."

ఆ మేనమామ తిన్నగా భోజనాలవైపు పోయాడు. కోదాడలో ఒక పెద్దాయన, "ఏం పనయ్యా ఇది, వాయిద్యాన్ని తన్నుతావా?" అంటే, ఉప్పలయ్యన్న ఆయనకు కుర్చీ వేసి మరీ తిట్టించుకున్నాడు. సూర్యాపేటలో అయితే టెంట్‌హౌస్ రాజమ్మ. టెంట్లు, కుర్చీలు ఆమెవే కాబట్టి ప్రతి ఫంక్షన్‌కూ వస్తుంది. కుర్చీలు సరిచూసుకోవడం, స్టేజీ ఎక్కి ఉప్పలయ్యన్నను తిట్టడం, ఇవి రెండూ అయితేనే ఆమెకు పని అయినట్టు.

మా ఆర్కెస్ట్రా వాళ్లు మాత్రం ఆయన ఎదురుగా తిట్టలేదు, వెనక అనుకున్నారు. "దోస్తుకు చేతులు పోతే ఈయన ఆ జాగల కాలు పెట్టిండు. ఇగ బేస్ మనిషే అవసరం లేదు." నేను వెనక మాట్లాడే దాన్ని కాదు, మొహాన్నే అడిగాను.

"అన్నా, నువ్విట్ల బేస్ గూడ తొక్కుకుంట కూసుంటే వెంకటేశ్వర్లన్నకు ఎట్లుంటది? ఒక్కసారన్న పోయి సూసినవా?"

"సూడాలె చెల్లె," అని స్క్రూ బిగించుకున్నాడు. ఆ రోజు నేను ఆయనతో మళ్లీ మాట్లాడలేదు.

పైగా మంగళవారం వస్తే మాయం. స్కూటరు మీద కాలిమెట్లు గోనెసంచిలో కట్టుకుని బయల్దేరేవాడు.

"యాడికన్నా?"

"ఆత్మకూరు. అన్నోళ్ల గొర్లను సూసొస్త."

"గొర్లకాడికి గివెందుకు?"

"ఇనిపిస్త. ఒక గొర్రె మస్తు ఇంటది."

గొర్లకు సంగీతమేమిటని ఆర్కెస్ట్రా అంతా పగలబడి నవ్వింది. ఆయనా మాతో కలిసి నవ్వాడు.

మొన్న ఎండాకాలంలో, ఒక మంగళవారం, స్కూటరు రిపేరుకిచ్చి సూర్యాపేట బస్టాండ్‌లో బస్సు కోసం నిలబడ్డ ఉప్పలయ్యన్న గుండె పట్టుకుని కూలబడ్డాడు. దవాఖానకు చేరేలోపే పోయాడు. పక్కన గోనెసంచిలో కాలిమెట్లున్నాయి. ఆయన నిలబడింది ఆత్మకూరు బస్సుల దగ్గర కాదు, కోదాడ బస్సులు ఆగే చోట. ఆ దుఃఖంలో అది ఎవరికీ పట్టలేదు. పాడె ఎత్తేటప్పుడు ఒకతని కాలు ఆయనకు తగిలింది. అతను వంగి ఆయన్ను తాకి కళ్లకద్దుకున్నాడు. లోకంలో ఉన్న వాటన్నిటికీ మొక్కిన మనిషికి ఇంకొకరు మొక్కడం నేను అదే మొదటిసారి చూడటం. అప్పుడు నాకు ఏడుపు ఆగలేదు.

దినం నాడు ఇంటి ముందు ఆటో ఆగింది. భార్య గీతక్క పట్టుకుంటే వెంకటేశ్వర్లన్న దిగాడు. రెండేళ్లలో ఆయన గడప దాటడం అదే మొదలు. ఫోటోకు ఎదురుగా చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత నన్ను చూసి, "నీరజా, ఆ మెట్లు ఎక్కడున్నాయి?" అన్నాడు.

తెచ్చి వేశాం. చెప్పులు విడిచి స్టూలు మీద కూచున్నాడు. పొడుగు మనిషి. ఏ మెట్టుకూ కాలు చాపే పని లేకపోయింది, అన్నీ ఆయన పాదాల కిందికే వచ్చినట్టున్నాయి. మేము ఎప్పుడూ మొదట పాడే వినాయకుడి పాటకు బేస్ తొక్కాడు. ఒక్క తప్పు లేదు. దినానికి వచ్చిన చుట్టాలంతా దగ్గరికి జరిగారు.

"ఎప్పుడు నేర్చినవన్నా?" అన్నాను.

"మంగళవారాలు."

"మంగళారం ఉప్పలయ్యన్న ఆత్మకూరు పోయేటోడు గదా, గొర్లకాడికి."

"ఆ గొర్రెను నేనేనమ్మా."

నాంచారమ్మ వదిన అన్ని రోజుల తర్వాత అప్పుడు నవ్వింది. నవ్వుతూనే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

వెంకటేశ్వర్లన్న మెల్లగా చెప్పుకొచ్చాడు. "ఇవి చేస్తానన్నప్పుడే నేను వద్దన్నాను. కాళ్లతో వాయిస్తే జనం నవ్వుతారు, తిడతారు, నేను తట్టుకోలేనురా అన్నాను. ఏమన్నాడో తెలుసా? 'నువ్వు ఆగు. ముందుగల్ల నన్ను తిట్టనియ్యి. తిట్టి తిట్టి వాళ్లకు యాష్ట రావాలె, ఇసుగు పుట్టాలె. అప్పుడు నిన్ను పిలుస్త.' ప్రతి ప్రోగ్రాం కాగానే ఫోన్ చేసేవాడు. మిర్యాలగూడల ఖతం, ఇగ ఎవ్వరు ఏమంటలేరు అన్నాడు. తర్వాత కోదాడ కూడా అయిపోయిందన్నాడు. చివరిసారి చేసినప్పుడు, 'సూర్యాపేటల రాజమ్మ ఒక్కతే మిగిలింది. గట్టి మనిషి, జర టైం పడతది,' అన్నాడు."

ఆయన తన కాళ్ల వంక చూసుకున్నాడు.

"సరే, తిట్లు నువ్వు పడతావు. వాయిద్యానికి కాలు పెట్టినాక కళ్లకద్దుకోటానికి నాకు చేతులేవిరా అన్నాను. 'మొక్కుడు నా పని. నా చేతులతోని ఇద్దరి పేరు మీద మొక్కుత,' అన్నాడు."

రెండో నంబర్ ఎవరిదో నాకు అప్పుడు తెలిసింది. అంత మంచివాణ్ని దగ్గర పెట్టుకుని మేమంతా గొర్రెల మీద జోకులు వేసుకుంటూ కూచున్నాం. చెప్పి ఉంటే ఏం పోయేదని ఆయన మీద కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది.

శ్రావణంలో సూర్యాపేటలో ఒక పెళ్లి ఒప్పుకున్నాం. కీబోర్డుకు కొత్త మనిషిని పెట్టుకున్నాం. వెంకటేశ్వర్లన్న స్టూలు మీద కూచున్నాడు. పొట్టి చేతుల చొక్కా వద్దని, పొడుగు చేతులది వేసుకుని కింద ముడివేయించుకున్నాడు. పాట మొదలుపెట్టాలి, కాలు మాత్రం మెట్టు మీద పెట్టడు. కిందికి చూస్తున్నాడు. మొక్కే మనిషి లేడు కదా. నేను మైకు పక్కన పెట్టి వంగబోయాను.

అంతలో రాజమ్మ స్టేజీ ఎక్కుతూ కనిపించింది. ఈ ఒక్క మనిషి ఒక్క మాట అంటే చాలు, వెంకటేశ్వర్లన్న మళ్లీ గోడవైపు తిరిగి పడుకుంటాడు. ఇక ఎవరు పిలిచినా రాడు.

రాజమ్మ కాలిమెట్ల వంక చూసింది, ముడివేసిన చొక్కా చేతుల వంక చూసింది.

"గాయిన రాలేదా, మొక్కెటాయన?" అని నన్ను అడిగింది.

"పోయిండు రాజమ్మా, ఎండాకాలంల."

ఆమె చెప్పులు పక్కకు విడిచింది. తర్వాత మోకాలి మీద చెయ్యి ఆనించి, మూలుగుతూ వంగింది. ఒక్కో పలకనూ వేళ్లతో తాకింది, కళ్లకద్దుకుంది, వరస తప్పకుండా చివరిదాకా పోయింది. ఉప్పలయ్యన్న ఎట్లా చేసేవాడో తిట్టడానికి వచ్చిన ప్రతిసారీ చూసి నేర్చుకున్నట్టుంది.

"ఇగ కానియ్ బిడ్డా," అంది నడుము పట్టుకుని లేస్తూ. "గాయిన తీరుగ తప్పులు తొక్కితె మాత్రం ఊకోను."

వెంకటేశ్వర్లన్న కాలు పెట్టాడు. 'దుం' అంది. పాట కింద మళ్లీ నేల వచ్చినట్టయింది. నేను పల్లవి ఎత్తుకున్నాను, మొదటి ముక్క సరిగా రాలేదు, ఎవరూ గమనించలేదు.

రాజమ్మ స్టేజీ దిగుతుంటే ఆమె కాలు స్పీకరు పెట్టెకు తగిలింది. రెండడుగులు వేసి ఆగింది, వెనక్కి వచ్చి దానికీ మొక్కి, కుర్చీలు చూసుకోవడానికి పోయింది.