పొగ అనుకున్న తోకచుక్క

మా గుణదలలో కుళాయి నీళ్ళు తెల్లవారుజామున వస్తాయి. మోటారు వేసి, ట్యాంకు నిండిందో లేదో చూడడానికి డాబా ఎక్కడం నా పని. ఆ రోజు ఎక్కేసరికి తూర్పున, ఆటోనగర్ దీపాల పైన, సన్నని తెల్లటి చార కనిపించింది. గన్నవరంలో దిగే విమానం పొగ అనుకున్నాను. కానీ ఎంతకీ చెదరలేదు. కింది వాటాలో ఉండే పొరుగామె, నేను చెల్లెమ్మా అంటాను, నమాజుకు లేచి ఉంటుందని పిలిచాను.

"ఏంటక్కా, ట్యాంకు పగిలిందా?" అంటూ వచ్చింది.

"అటు చూడు. ఆ విమానం పొగ ఎంతకీ పోవట్లేదు."

ఆమె కాసేపు చూసింది. "పొగేంటి నీ మొహం! తోకచుక్క అది. చిన్నప్పుడు మా నాన్న ఒకటి చూపించాడు."

వెలుగొచ్చి అది మాసిపోయేదాకా ఇద్దరం చూశాం. జరిగింది అంతే.

మేమిద్దరం మధ్యాహ్నాలు చర్చి హాల్లో చదువు నేర్చుకుంటున్నాం. యాభై ఎనిమిదేళ్ళకు నాకు వాక్యాలు రాయడం వచ్చింది. ఆమె ఇంకా గుణింతాల దగ్గరే ఉంది. ఆ వారం గోడపత్రికకు సొంతంగా ఏదైనా రాసుకురమ్మని టీచరు గారు తెల్లకాగితాలు ఇచ్చారు. మా క్లాసులో ఏ కాగితం చేతికొచ్చినా ముందు పైన పేరు రాసేస్తాం. అన్నేళ్ళు వేలిముద్రలు వేసినవాళ్ళం, మొదట నేర్చుకున్నది అదే. నేనూ పేరు రాసి, కింద తోకచుక్కను చూసిన సంగతి రాశాను. పొగ సంగతి రాయలేదు. దాచాలనుకున్నానో, చోటు చాలలేదో ఇప్పుడు చెప్పలేను.

గోడకు అంటించాక చెల్లెమ్మ కూడబలుక్కుంటూ చదివింది. నా పేరు దగ్గర వేలు ఆపింది.

"నీ చుక్కేనా అక్కా? మరి నేనెవర్ని? నీకు నిచ్చెన పట్టుకున్నానా?"

"ముందు చూసింది నేనే కదే."

"చూశావులే. పొగని చూశావు."

మర్నాటి నుంచి క్లాసులో నా పక్కన కూర్చోవడం మానేసింది. గోడకెక్కిన నా మొదటి కాగితం అది. తీయించడానికి మనసొప్పలేదు, ఆమెతో మాటల్లేకుండా ఉండడమూ చేతకాలేదు. ఇంతకీ కనిపెట్టింది మాలో ఎవరని టీచరు గారిని అడిగాను.

"అది మీరిద్దరూ కనిపెట్టింది కాదండీ" అని నవ్వారు ఆవిడ. "దూరదేశాల్లో రెండు చోట్ల ముందే చూశారు. దానికి ఆ రెండు చోట్ల పేర్లే పెట్టారు."

ఇంకో కథ కూడా చెప్పారు. ఒక గ్రహం ఎక్కడ ఉండాలో ఒకాయన లెక్కగట్టి ఉత్తరం రాస్తే, వేరొకాయన టెలిస్కోపులో చూశాడట. మావాడు కూడా ముందే లెక్కగట్టాడని పక్కదేశం వాళ్ళు తగువుకొచ్చారట. వీళ్ళందరికంటే రెండు వందల ఏళ్ళ ముందే ఒకాయన దాన్ని చూసి, మామూలు నక్షత్రం అనుకుని, కాగితం మీద చుక్క పెట్టి వదిలేశాడట.

"అయితే కనిపెట్టింది ఎవరండీ?"

"ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు."

తగువు తీరుతుందని వెళ్తే తికమక రెట్టింపైంది. చుక్క పెట్టి వదిలేసిన ఆయన నాలాంటివాడే అనిపించింది. కాకపోతే నేను ఇంకొకరిని పిలిచాను. పిలవడం కూడా లెక్కలోకి వస్తుందా? ఆమె రాకపోతే నాకది పొగే. నేను పిలవకపోతే ఆమెకు అది లేనే లేదు.

కొత్త కాగితం పట్టుకుని కింది వాటాకు వెళ్ళాను. "నువ్వు పేరు రాయి. కింద నేను రాస్తాను" అన్నాను. కాగితం నా చేతిలోంచి లాక్కుంది. తన పేరును పై వరుస నిండా రాసింది. కింద నేను పొగతో మొదలుపెట్టి ఉన్నదున్నట్టు రాశాను.

"పొగ కూడానా? నలుగురూ నవ్వుతారు, కొట్టెయ్ అక్కా" అంది.

"కొట్టేస్తే మళ్ళీ నేనే కనిపెట్టినట్టవుతుంది."

ఆమె కాగితాన్ని మళ్ళీ పైనుంచి కిందికి చూసింది. "పైన నా పేరు, కింద నీ పొగ. చదివినోళ్ళు పొగ అనుకుంది నేనే అనుకోరూ?"

నిజమే. అది నాకు తట్టలేదు. చివరికి ఆమె పేరు పక్కన నా పేరూ ఇరికించాను. చివరి అక్షరం అంచు దగ్గర వంగిపోయింది.

"ఇప్పుడు పొగ ఎవరిది?" అంది.

"ఇద్దరిదీ."

"నాకొద్దు నీ పొగ!" అని నవ్వింది.

మర్నాడు మోటారు వేయగానే మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడైంది. తూర్పున తెల్లటి చార ఒకటి ఉంది. అది తోకచుక్కో, పొగో ఈసారి ఇద్దరం చెప్పలేకపోయాం.